సోమరాజు బేరం

ఎద్దు తోలు మీద తీగల కట్ట ఉంటుంది. దాని పక్కన అమ్మేవాడు, ఎదుట యజ్ఞకర్మ నడిపే అధ్వర్యుడు. ఆ సోమం అమ్మడానికేనా అని అధ్వర్యుడు అడుగుతాడు. అమ్మడానికే అంటాడు వాడు. ఆవులో పదహారో వంతు ఇస్తానని అధ్వర్యుడు మొదలుపెడతాడు. సోమరాజు విలువ అంతకంటే ఎక్కువని అమ్మేవాడు తల అడ్డంగా ఊపుతాడు. ఎనిమిదో వంతు అంటే మళ్ళీ అదే జవాబు. పావు ఆవు, సగం ఆవు అన్నా జవాబు మారదు. చివరికి నిండు ఆవు దగ్గర బేరం కుదురుతుంది. దాని పైన బంగారం, బట్ట, మేక వంటివి కూడా చేరతాయి. ఏ వారపు సంతలోనైనా వినిపించే ఈ బేరం శతపథ బ్రాహ్మణం మూడో కాండంలో ఉంది. సోమయాగంలో అది ఒక కర్మ. దాన్ని దాటేసి యజ్ఞం ముందుకు సాగదు.

అసలు విడ్డూరం బేరం ముగిశాక మొదలవుతుంది. తీగలు చేతికి రాగానే ఇచ్చిన బంగారాన్ని వెనక్కి లాక్కుంటారు. శ్రౌతసూత్రాలు చెప్పే పద్ధతిలో అమ్మినవాడిని కర్రలతో అదిలించి తరిమేస్తారు. దీని వెనక ఐతరేయ బ్రాహ్మణంలో ఒక కథ ఉంది. సోముడు గంధర్వుల దగ్గర ఉన్నాడు. దేవతలకు అతను కావాలి. గంధర్వులు స్త్రీలోలురు కాబట్టి దేవతలు వాగ్దేవినే స్త్రీగా చేసి వెలకింద ఇచ్చి సోముణ్ణి కొనుక్కున్నారు. తర్వాత ఆమె మళ్ళీ దేవతల దగ్గరికే వచ్చేసింది. సరుకూ దక్కింది, సొమ్మూ తిరిగొచ్చింది. గంధర్వులకు ఏం మిగిలిందో కథ చెప్పదు.

సోముడు ఓషధులన్నిటికీ రాజు. ఋగ్వేదం పదో మండలంలోని ఓషధీసూక్తం మూలికలను తల్లులని పిలుస్తుంది. వాటిని తవ్వే చేతికి కీడు కలగకూడదని వేడుకుంటుంది. అదే సూక్తంలో వైద్యుడు తనకు గుర్రం, ఆవు, బట్ట రావాలని కూడా దాపరికం లేకుండా కోరుకుంటాడు. మొక్క తల్లి, కానీ దానితో చేసే వైద్యం బతుకుతెరువు. ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉండటం ఆ కవికి ఇబ్బందిగా తోచలేదు.

ధర్మశాస్త్రాలకు మాత్రం తోచింది. ఆపదలో వర్తకానికి దిగిన బ్రాహ్మణుడు అమ్మకూడని సరుకుల జాబితాలో మనుస్మృతి పండ్లను, దుంపలను, ఓషధులను చేర్చింది. సోమం అమ్మేవాడినీ, వైద్యం చేసేవాడినీ శ్రాద్ధ భోజనాల పంక్తికి దూరం పెట్టింది. ప్రాణం నిలిపే వస్తువుకు వెల కట్టడం తప్పు అనే భావన దీనికి మూలం. వినడానికి ఉదాత్తంగానే ఉంది. కానీ ఒక మెలిక ఉంది. కొనడం తప్పని ఆ జాబితా అనదు. యాగానికి సోమం కావాలి, రోగికి కషాయం కావాలి, కొనక తప్పదు. మైల మాత్రం అమ్మినవాడికే అంటుతుంది. మందుమొక్కకు వెల కట్టవచ్చా అన్న ప్రశ్న ఎంత పాతదో, ఆ ప్రశ్న బరువంతా తవ్వుకొచ్చినవాడి నెత్తిన పెట్టడమూ అంతే పాతది.

హైదరాబాద్ బేగంబజార్‌లోని మూలికల దుకాణంలో ఈ చర్చకు చోటు లేదు. అక్కడ గోతాలు మూతులు తెరుచుకుని ఉంటాయి. కరక్కాయ, తానికాయ, ఉసిరి వరుగు, పిప్పళ్ళు, నల్లజీడి గింజలు, వట్టివేళ్ళు, మోదుగ పువ్వు. అతిమధురం మన నేల మొక్క కాదు, అఫ్గానిస్తాన్, ఇరాన్, మధ్య ఆసియా వైపు నుంచి వస్తుంది. దాని పక్క గోతంలోనే తుంగముస్తలు. పొలంలో తుంగ మొలిస్తే రైతు తిట్టుకుంటూ మందు కొడతాడు, అదే గడ్డను పట్నంలో ఇంకొకరు మందని కొనుక్కుంటారు.

ఈ గోతాల వెనక ఉన్న లెక్కను జాతీయ ఔషధ మొక్కల బోర్డు కోసం చేసిన అధ్యయనం ఒకటి పట్టుకుంది. 2014-15లో దేశంలో మూలికల వార్షిక గిరాకీ సుమారు 5,12,000 టన్నులు. వ్యాపారంలో ఉన్న జాతులు 1,178. వాటిలో 242 జాతులు ఒక్కొక్కటీ ఏడాదికి 100 టన్నులకు పైగా అమ్ముడవుతున్నాయి. మందుల పరిశ్రమ వాటా దాదాపు 1,95,000 టన్నులు, ఎగుమతులు 1,34,500 టన్నులు. వీటి మధ్య సులువుగా కంటికి ఆనని అంకె ఒకటుంది. పల్లె ఇళ్ళు సొంతానికి వాడుకునేది 1,67,500 టన్నులు. అంటే గిరాకీలో మూడో వంతుకు దుకాణంతో పని లేదు. గట్టు మీది ఉత్తరేణి, పెరటి తులసి, వేపచెట్టు మీదికి పాకిన తిప్పతీగ, చేను పక్కన నేల ఉసిరి. వీటికి బిల్లు ఉండదు.

ఊళ్ళో పసరు పోసేవారి నియమం పుట్టింది ఈ మూడో వంతులోనే. కామెర్లకు పసరు పోసేవారు డబ్బు ముట్టరు. ముడితే మందు పనిచేయదంటారు. ఏ ఆకో చెప్పరు, చెప్తే గుణం పోతుందంటారు. మందుకంటే ఇచ్చే చేతి చలవే ముఖ్యమన్న నమ్మకం నుంచే హస్తవాసి అన్న మాట పుట్టింది. ఈ నియమాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక. అయితే దాని అడుగున ఒక లెక్క దాగి ఉంది. మొక్క పిడికెడే కావాలి, అది నడిచి వెళ్ళే దూరంలోనే దొరుకుతుంది, రోగులు ఆ ఊరివాళ్ళే. అలాంటి చోట ఉచితం సాగుతుంది. పసరు పోసిన మనిషి కూలికి వెళ్తాడు లేదా సేద్యం చేసుకుంటాడు, మందు ఆయన జీవనాధారం కాదు.

ఆ ఉచితం ఊరి పొలిమేర దాటితే ఏమవుతుందో చూపే సందర్భాలు తెలుగునాట రెండు ఉన్నాయి. హైదరాబాద్‌లో మృగశిర కార్తె నాడు బత్తిని కుటుంబం ఆయాసానికి చేప మందు ఇస్తుంది. 1845 నుంచీ ఇస్తున్నామనీ, ఒక సాధువు ఈ మందు చెప్తూ డబ్బు తీసుకోవద్దని షరతు పెట్టాడనీ వాళ్ళు చెప్పుకుంటారు. మందు గుణానికి శాస్త్రీయ నిరూపణ లేదు. దాన్ని మందు అనవచ్చా అన్న వివాదం ముదిరి ఇప్పుడు చేప ప్రసాదం అంటున్నారు. నమ్మకం సంగతి అటుంచితే, లెక్కలో ఒక తమాషా ఉంది. ప్రసాదం ఉచితమే, కానీ దాన్ని నోట పెట్టుకుని గొంతులోకి జారే కొర్రమీను పిల్లను మాత్రం పక్కనున్న మత్స్యశాఖ కౌంటర్లో కొనుక్కోవాలి. సాధువు షరతు చేపకు వర్తించలేదు.

రెండోది నెల్లూరు జిల్లా కృష్ణపట్నం. 2021 మే నెలలో, కోవిడ్ రెండో అల ఉద్ధృతిలో, అక్కడొక సంప్రదాయ వైద్యుడు ఉచితంగా మందు ఇస్తున్నాడన్న మాట పాకింది. వేలమంది వచ్చిపడ్డారు. మే 21న పంపిణీ ఆపించారు. అది హాని చేసేది కాదు గాని ఆయుర్వేద మందు అనలేమని అధికారులు తేల్చారు. కంటి చుక్కలు తప్ప మిగతావాటికి నెలాఖరున అనుమతి వచ్చింది. ఆ మందు కోవిడ్‌ను తగ్గిస్తుందని రుజువు కాలేదు. ఇక్కడ చూడాల్సింది వేరే ఉంది. ధర సున్నా అయినంత మాత్రాన సరుకు పెరగదు. మార్కెట్లో ధర చేసే పనిని అక్కడ బారులు చేశాయి. డబ్బు లేనివాడు మార్కెట్లో వెనకబడితే, అక్కడ ఒంట్లో ఓపిక లేనివాడు వెనకబడ్డాడు.

చరకసంహిత ఈ చిక్కును ఇంకో వైపు నుంచి చూసింది. మూలిక సేకరించేవాడు శుచిగా, తెల్లని బట్ట కట్టుకుని, ఉపవాసం ఉండి, దేవతలను పూజించి, తూర్పుకో ఉత్తరానికో తిరిగి మొక్కను తీసుకోవాలని కల్పస్థానంలో ఉంది. చేతికి అందిందల్లా కోసుకోకుండా ఆపే పగ్గం అది. తులసిని మంగళ, శుక్రవారాల్లో తుంచకూడదనే మన ఇళ్ళ ఆనవాయితీ కూడా అలాంటిదే, మొక్కకు వారంలో కొన్ని రోజుల సెలవు. అదే చరకుడు సూత్రస్థానంలో మరో మాట చెప్పాడు. మొక్కల పేర్లూ రూపాలూ తెలిసినవాళ్ళు మేకల కాపరులు, గొర్రెల కాపరులు, ఆవుల కాపరులు, అడవిలో తిరిగేవాళ్ళు అన్నాడు. ఆ వెంటనే, పేరూ రూపమూ తెలిసినంత మాత్రాన మందు తెలిసినట్టు కాదని గీత గీశాడు. గీత న్యాయమైనదే, మొక్కను గుర్తుపట్టడం వేరు, మోతాదు తెలియడం వేరు. అయితే రెండు వేల ఏళ్ళుగా జీతభత్యాలు ఆ గీతకు ఒకవైపే జమవుతూ వచ్చాయి. తెల్లబట్ట కట్టి ఉపవాసం ఉన్న సేకర్త పుస్తకంలో ఉన్నాడు. అడవిలో వేరు తవ్వేది గునపం పట్టిన కూలి మనిషి, ఉపవాసం ఆ మనిషికి వ్రతం కాదు.

నల్లమలలో ఆ గునపం మారేడు గడ్డల కోసం దిగుతుంది. శివుడికి ఇష్టమైన మారేడు చెట్టుకీ వీటికీ సంబంధం లేదు. ఇది రాళ్ళ సందుల్లో వేరు దించుకుని పైకి పాకే తీగ. వేరు విరిస్తే వనిల్లాను తలపించే వాసన. రాయలసీమ వేసవిలో నిమ్మకాయ పిండి, సబ్జా గింజలు వేసి ఇచ్చే నన్నారి షర్బత్‌కు వాడే వేర్లలో ఇదొకటి. అసలు శాస్త్రం సారిబ అని చెప్పింది సుగంధిపాలను. అది సన్నటి తీగ, వేరు పుల్లంత. మారేడు గడ్డ లావు, ఒక్క పొదను తవ్వినా బరువు తూగుతుంది, వాసనా దగ్గరదే. అందుకే అంగడి సుగంధిపాల పేరిట దీన్ని అక్కున చేర్చుకుంది. దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా లేని ఈ తీగ ఇప్పుడు ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రమాదంలో ఉన్నవాటిగా గుర్తించిన జాతుల్లో చేరింది. అమ్మేది వేరునే కాబట్టి, మొత్తం పెకలిస్తే మళ్ళీ చిగురించడానికి ఏమీ మిగలదు. అసలు మొక్క బదులు వచ్చిన మొక్కకే కరువొచ్చింది.

బదులు అన్న ఈ మాటను మన పూర్వులు చిన్నచూపు చూడలేదు. దాన్ని ప్రతినిధి అని పిలిచి, పెద్ద చర్చే చేశారు. జైమిని మీమాంసాసూత్రాల ఆరో అధ్యాయంలో ఒక పాదం దాదాపుగా ఇదే వాదన. యజ్ఞానికి వరి దొరకకపోతే నివ్వరి వాడవచ్చు. ద్రవ్యానికి ప్రతినిధి ఉంది గాని దేవతకు, అగ్నికి, మంత్రానికి లేదు. ప్రతినిధి అసలుకు వీలైనంత దగ్గరగా ఉండాలి. నిషేధించిన వస్తువు ఎంత దగ్గరగా ఉన్నా పనికిరాదు. అన్నిటికంటే ముఖ్యం, ఇది బదులు వస్తువని యజ్ఞం చేసేవాడికి తెలుసు. సోమమే దీనికి పెద్ద ఉదాహరణ. అసలు సోమం ఏ మొక్కో ఈనాటికీ పండితులకు తెగలేదు, అది దొరకనప్పుడు ఏం వాడాలో బ్రాహ్మణ గ్రంథాలే చెప్పాయి. కోనసీమ అగ్రహారాల్లో ఇంట్లో యజ్ఞాగ్నులు నిలుపుకునే ఆహితాగ్నులు ఈ కాలంలో చేసిన సోమయాగాలు కూడా ఆ అనుమతి మీద నడిచినవే.

పదహారో శతాబ్దంలో భావమిశ్రుడు ఈ సూత్రాన్ని మందుల అంగడికి దించాడు. జీవకం, ఋషభకం, మేద, మహామేద, కాకోలి, క్షీరకాకోలి, ఋద్ధి, వృద్ధి అనే ఎనిమిది హిమాలయ మూలికలు రాజులకు కూడా దొరకడం కష్టమని ఒప్పుకుని, మేదల బదులు పిల్లిపీచర, కాకోలుల బదులు పెన్నేరు గడ్డ, ఇలా జంటకొకటి చొప్పున నాలుగు సులభమైన వేర్లు రాసిచ్చాడు. సరఫరా అయిపోయిందని ఒక శాస్త్రకర్త నిజాయితీగా ఒప్పుకున్న పత్రం అది. నేటి చ్యవనప్రాశ సీసా మీది చీటీ చదివేవారికి ఆ ఒప్పుకోలు పనికొస్తుంది.

అంగడిలో జరిగే బదులు వేరు. అశోకారిష్టానికి కావలసిన అసలు అశోక చెట్టు అరుదైపోయింది, గిరాకీ మాత్రం ఏటా టన్నుల లెక్కన ఉంది. దాని బెరడు పేరిట రోడ్ల పక్కన నిటారుగా పెంచే చెట్టు బెరడు చేరుతోందని మూలికల పరీక్షల్లో పదేపదే బయటపడింది. ఆ రోడ్డు పక్క చెట్టును మనం కూడా అశోక చెట్టనే పిలుస్తాం, సీతమ్మ కూర్చున్నది దాని కింద కాదు. పొరపాటు నాలుక మీద ఉంటే అమాయకత్వం, తూకంలో ఉంటే మోసం. ప్రతినిధికీ కల్తీకీ మధ్య ఉన్న తేడా మొక్కలో లేదు. కొనేవాడికి చెప్పారా లేదా అన్నదే తేడా.

వినాయక చవితి ముందురోజు ఏ ఊరి బజారుకెళ్ళినా ఈ తత్వమంతా ఒక్క పత్రి కట్టలో కనిపిస్తుంది. ఇరవై ఒక్క ఆకుల్లో దేవదారు ఒకటి. హిమాలయాల చెట్టు అది, గోదావరి ఒడ్డున ఎప్పుడూ పెరగలేదు. దేవదారు పేరుతోనే పిలిచే చిన్న చెట్టొకటి మన కొండల్లో ఉంది గాని, పట్నం కట్టలో అది కూడా అరుదే. జిల్లేడు, ఉమ్మెత్త, రేగు, మామిడి దొరుకుతాయి. మిగతా ఖాళీల్లో అమ్మేవారు చేతికందిన పచ్చదనం నింపుతారు. పూజ చేయించే పంతులుగారు లేని ఆకు దగ్గర అక్షతలు వేయమంటారు. జైమిని చూస్తే తల ఊపేవాడే. దేవుడికి లేని పట్టింపు కషాయం తాగే కాలేయానికి ఉంటుందన్నదొక్కటే చిక్కు.

చట్టం కూడా ఈ మధ్య ఈ వాదనలోకి వచ్చింది, దారి కేరళ నుంచి పడింది. 1987లో అగస్త్యకొండల్లో తిరుగుతున్న శాస్త్రవేత్తలు తమకు దారి చూపే కాణి గిరిజనులు ఒక మొక్క కాయలు నములుతూ అలసట లేకుండా నడవడం గమనించారు. దాని పేరు ఆరోగ్యపచ్చ. దానితో చేసిన జీవని అనే మందును తిరువనంతపురం దగ్గర పాలోడులోని ఉష్ణమండల వృక్షోద్యాన సంస్థ 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి పది లక్షల రూపాయల రుసుముకూ, రెండు శాతం రాయల్టీకీ ఇచ్చింది. అందులో సగం కాణిలదని ఒప్పుకుంది. గిరిజన సమాజానికి వాటా ఇచ్చిన తొలి ఒప్పందాల్లో ఒకటిగా లోకమంతా మెచ్చుకుంది. కాణిలందరూ మెచ్చుకోలేదు. వాళ్ళ వైద్య పెద్దలు కొందరు ఈ జ్ఞానం అమ్మే హక్కు ఎవరిచ్చారని అడిగారు. ఓషధిని అమ్మరాదన్న మనువు మాటా, వాళ్ళ మాటా వినడానికి ఒకేలా ఉన్నా, ఒకటి పంక్తిలో కూర్చున్నవాడి మాట, ఇంకొకటి తవ్వేవాడి మాట.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ఆ వాటాను నియమంగా మార్చింది. మన దేశపు కంపెనీలు కూడా వాటా ఇవ్వాల్సిందేనని ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 డిసెంబరులో తీర్పు చెప్పింది. 2023 సవరణ గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవారికీ ఆయుష్ వైద్యులకూ మినహాయింపు ఇచ్చింది. పుస్తకంలో ఎక్కిన జ్ఞానం అందరిదీ కాబట్టి ఎవరికీ బాకీ లేదన్నది దాని వెనకున్న తర్కం. మొక్కల పేర్లూ రూపాలూ తెలిసినవాళ్ళు కాపరులని చరకుడు రాసిన మాట కూడా గ్రంథస్థమే.

ఉత్తరాంధ్ర కొండల్లో 1956 నుంచి గిరిజన సహకార సంస్థ సరుకు కొంటోంది. షావుకారు అప్పులకు, దొంగ తూకాలకు విరుగుడుగా పుట్టిన సంస్థ అది, ఆ మేరకు మేలూ చేసింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం గిరిజనులదేనంది. సంతరోజున పాడేరు, చింతపల్లి వైపు కొండ దారుల్లో కావిళ్ళూ బుట్టలూ దిగుతాయి. కరక్కాయ, నల్లజీడి పిక్కలు, కుంకుళ్ళు, పిప్పళ్ళ మోడి. తపసి జిగురు గీసేవారు ఒకప్పుడు చెట్టు చచ్చేలా గాట్లు పెట్టేవారు. చిన్న గాటుతో, చెట్టు మానేలా గీయడం నేర్పాక జిగురు నాణ్యత పెరిగి, మంచి జిగురుకు మంచి ధర వచ్చింది. వెల పెరగడం వల్ల చెట్టు బతికిన సందర్భం ఇది. అమ్మకమే పాపమనేవారి దగ్గర దీనికి జవాబు ఉండదు.

బ్రాహ్మణ గ్రంథాల నిండా ఋషుల మాటలూ దేవతల మాటలూ ఉన్నాయి. మూలిక అమ్మేవాడికి దక్కిన వాదన ఒక్కటే, సరుకు విలువ అంతకంటే ఎక్కువన్నది. కర్రలతో తరిమే ముందు దాన్ని కనీసం నాలుగుసార్లు అననిచ్చేవారు. ఇప్పుడు గిరిజన సహకార సంస్థ డిపో గోడ మీది నల్లబల్ల మీద సరుకు పేరు, కిలో రేటు సుద్దముక్కతో ముందే రాసి ఉంటాయి. బుట్ట దించిన మనిషి ఆ రాతను పక్కవాళ్ళతో చదివించుకుని, కాటా ముల్లు ఎక్కడ ఆగుతుందో చూస్తూ నిలబడుతుంది.